విడిచిన రాయి, ఊడ్చే చేయి

తెలుగు లోగిళ్ళలో వైకుంఠపాళి పటం ముందు కూర్చున్న బాలుడు, తనకు తెలియకుండానే కర్మసిద్ధాంతంలోని తొలిపాఠాన్ని అభ్యసిస్తాడు. సద్గుణాలు నిచ్చెనలై పైకి చేరుస్తాయి. దుర్గుణాలు సర్పాలై క్రిందికి దించుతాయి. చిట్టచివర పరమపదం ఉంటుంది. అయితే ఆ ఆటలో ఆడేవానికి స్వాతంత్ర్యం లేదు. గవ్వలు ఎట్లు పడితే అట్లే నడవాలి. ఎంతటి బుద్ధిమంతుడైనా పెద్దపాము నోటిముందు నిలిచి, తరువాతి పందెం కోసం ఎదురుచూడవలసినదే. చదరంగం దీనికి సంపూర్ణంగా భిన్నం. అక్కడ యాదృచ్ఛికతకు చోటు లేదు. ప్రతి ఎత్తూ ఆడేవాని సంకల్పం నుండి పుట్టినదే. ఓటమికి ఓడినవాడే బాధ్యుడు.

మొదటిది కేవల దైవానికి, రెండవది కేవల పురుషకారానికి ప్రతిరూపం. మనుష్యజీవితం మాత్రం ఈ రెండింటిలో ఏ ఒక్కదాని వలెనూ సాగదు. విత్తనం చల్లిన కర్షకుడు, పరీక్ష వ్రాసిన విద్యార్థి, శస్త్రచికిత్స ముగించిన వైద్యుడు, బిడ్డను పెంచిన తల్లి, వీరందరూ చేయగలిగినదంతా చేసి, చేయలేనిదాని ముందు నిలబడతారు. చేయగలిగినదానికీ చేయలేనిదానికీ నడుమ సరిహద్దు ఎక్కడ ఉన్నది? ఆ సరిహద్దు దాటిన తరువాత మనిషి చేయవలసినది ఏదైనా మిగిలి ఉన్నదా? సాధకుని నిత్యజీవితంలో ఇంతకన్న తీక్ష్ణమైన ప్రశ్నలు అరుదు.

ఈ ప్రశ్నలకు ప్రత్యక్షదృష్టాంతంగా నిలువగల క్రీడ ఒకటి హిమదేశాలలో పుట్టింది. దాని పేరు కర్లింగ్. భారతీయ దర్శనాలతో దానికి చారిత్రకమైన సంబంధం ఏదీ లేదు. స్కాట్లాండ్ దేశంలో, శీతకాలాన గడ్డకట్టిన చెరువులపై రాళ్ళను జార్చే వినోదంగా అది వృద్ధి చెందింది. 1511 అనే సంవత్సరం చెక్కబడిన ప్రాచీన కర్లింగ్ శిల ఒకటి స్టిర్లింగ్ నగరంలో భద్రంగా ఉన్నది. 1541లో పైస్లీ మఠానికి చెందిన జాన్ స్క్లేటర్ అనే క్రైస్తవ సన్న్యాసి మంచుపై మూడు పర్యాయాలు రాయి విసిరి, పోటీకి తాను సిద్ధమని చాటిన వృత్తాంతం ఒక నోటరీ వ్రాతలో నిలిచి ఉన్నది. నేడు అది ఒలింపిక్ క్రీడ.

ఆట స్వరూపం సులభమైనది. దాదాపు 45 మీటర్ల పొడవు, 5 మీటర్లకు మించని వెడల్పు గల మంచుపట్టీ. దాని రెండు కొనలలోనూ ఏకకేంద్ర వలయాలు. ఆ వలయసముదాయాన్ని ‘హౌస్’ అంటారు, అనగా ఇల్లు. దాదాపు 20 కిలోగ్రాముల వరకు బరువుండే గ్రానైట్ శిలను ఒక కొననుండి జార్చి, అవతలి కొనలోని ఇంటికి చేర్చాలి. జట్టుకు నలుగురు, ఒక్కొక్కరికి రెండు శిలలు. రెండు జట్లవీ కలిపి 16 శిలలు వెళ్ళిన తరువాత, ప్రత్యర్థి శిలలన్నింటికన్న కేంద్రానికి చేరువగా నిలిచిన శిలలు ఎన్ని ఉంటే ఆ జట్టుకు అన్ని పాయింట్లు. ఈ ఘట్టాన్ని ‘ఎండ్’ అంటారు. అట్టి ఎండ్లు పది.

ఈ క్రీడకు ప్రాణమంతా ఒక్క గీతలో ఉన్నది. దానిని ‘హాగ్ లైన్’ అని వ్యవహరిస్తారు. శిలను విసిరేవాడు ఆ గీతను చేరేలోపుననే పిడిని విడిచిపెట్టాలి. గీత దాటిన పిదప కూడా వ్రేలు ఆనితే ఆ శిల చెల్లదు. పెద్ద పోటీలలో ఈ విషయాన్ని కనిపెట్టడానికి పిడిలోనే విద్యుత్ సాధనాన్ని అమర్చుతారు. సకాలంలో విడిచితే పచ్చదీపం, విడువకపోతే ఎర్రదీపం వెలుగుతుంది. విడిచిన చోటినుండి అవతలి కేంద్రం సుమారు 28 మీటర్ల దూరం. మెల్లగా సాగే శిలకు ఆ ప్రయాణం 20 సెకన్లకు పైగా పడుతుంది. అంతసేపూ విసిరినవాడు మంచుపై మోకాలు మోపి, తన చేతినుండి వెలువడినదానిని చూస్తూ ఉంటాడు.

విడిచిన బాణం అనే ఉపమానం వేదాంతాధ్యయనం చేసినవారికి సుపరిచితం. ఫలించడం ఆరంభించిన కర్మను, అనగా ప్రారబ్ధాన్ని, వింటినుండి వెలువడిన బాణంతో ఆచార్యులు పోల్చారు. వేగం తీరేవరకు అది ఆగదు, వెనుకకు రాదు. కర్లింగ్ శిలకూ ఈ ధర్మం ఉన్నది. అయితే బాణానికి లేనిది ఒకటి ఈ శిలకు ఉన్నది. శిల ముందు ఇద్దరు సహచరులు పరుగెత్తుతూ, పొడవాటి కుంచెలతో మంచును ఊడుస్తారు. ఆ ఘర్షణకు మంచు పైపొర అత్యల్పంగా వేడెక్కి, శిలకు ఎదురయ్యే నిరోధం తగ్గుతుంది. శిల మరికొన్ని మీటర్లు ముందుకు సాగుతుంది. దాని వంపు తగ్గి తిన్నగా నడుస్తుంది. ఊడిచేవారు శిలకు జానెడు దూరంలోనే ఉంటారు, కానీ దానిని స్పృశించరాదు. పొరపాటున కుంచె తగిలితే, ఎవరూ చూడకపోయినా ఆ తగిలించినవాడే చెప్పుకోవడం ఈ క్రీడలో పరంపరగా వస్తున్న మర్యాద.

విడిచిన తరువాత చేతికి అధికారం లేదు. అయినా చేతులకు పని ఉన్నది. ఈ ఒక్క వాక్యంలో కర్లింగ్ తత్త్వమంతా ఇమిడి ఉన్నది.

శిల ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది ఎవరు? భగవద్గీత 18వ అధ్యాయంలో ఏ కర్మ సిద్ధించడానికైనా ఐదు హేతువులు చెప్పబడినాయి: అధిష్ఠానం, కర్త, కరణం, నానావిధ చేష్టలు, ఐదవది దైవం. ఈ మంచుపట్టీపై ఆ ఐదింటినీ వ్రేలితో చూపవచ్చు. మంచు అధిష్ఠానం. విసిరేవాడు కర్త. శిల, కుంచె కరణాలు. ఊడ్వడం, అవతలి కొననుండి ‘స్కిప్’ అనే నాయకుడు మార్గం సూచించడం చేష్టలు. ఇక దైవం?

మంచుపట్టీ అద్దంవలె నునుపుగా ఉండదు. ఆటకు ముందు దానిపై సన్నని నీటితుంపరలు చల్లుతారు. అవి గడ్డకట్టి చిన్న చిన్న బొడిపెలౌతాయి. శిల అడుగుభాగం లోపలికి గుంటగా ఉండి, కొద్ది మిల్లీమీటర్ల వెడల్పు గల వలయం మాత్రమే ఆ బొడిపెలపై జారుతుంది. ఆట సాగేకొద్దీ పూర్వం వెళ్ళిన శిలల వలన బొడిపెలు అరుగుతాయి. ఒకే చేయి, ఒకే వేగం, ఒకే దిశ అయినా, మొదటి ఎండ్‌లో సాగినట్లు ఎనిమిదవ ఎండ్‌లో శిల సాగదు. ఇంతకుముందు వెళ్ళినవాటి ప్రభావం ఇప్పుడు వెళ్ళేదాని మార్గంలో అదృశ్యంగా నిలిచి ఉంటుంది. పూర్వం చేసిన పౌరుషమే దైవమనే పేరుతో ఇప్పుడు ఎదురవుతున్నదని యోగవాసిష్ఠం పౌరుషాన్ని సమర్థించే సందర్భంలో బోధిస్తుంది. అరిగిన మంచును చూచినవారికి ఆ బోధ సులభంగా అర్థమౌతుంది.

శిల వంపులో మరొక రహస్యం ఉన్నది. బల్లపై గాజుగ్లాసును బోర్లించి త్రిప్పుతూ జార్చితే, అది తిరిగే దిశకు విరుద్ధంగా వంగుతుంది. కర్లింగ్ శిల మాత్రం తాను తిరిగే దిశవైపే వంగుతుంది. దీనికి హేతువేమిటని భౌతికశాస్త్రజ్ఞులు చిరకాలంగా విచారిస్తున్నారు. శిల ముందుభాగం మంచుపై గీసే సూక్ష్మరేఖలే దాని వెనుకభాగాన్ని ప్రక్కకు నడిపిస్తాయని స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రతిపాదించారు. అన్యమతాలూ ఉన్నాయి, వాదం ముగియలేదు. ఆ ప్రతిపాదన యథార్థమైతే, శిలను వంచేది అది స్వయంగా గీసుకున్న గీతయే. సంస్కారమనే శబ్దానికి ఇంతకన్న చక్కని చిత్రాన్ని ఊహించడం కష్టం.

2020లో దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి ‘కర్లీ’ అనే రోబోను నిర్మించిన సంగతి ప్రకటించారు. నిపుణులైన మానవజట్లతో ఆడిన నాలుగు పోటీలలో మూడింటిని అది గెలిచింది. ఆ యంత్రపు నేర్పు మంచును ముందుగానే సంపూర్ణంగా తెలుసుకోవడంలో లేదు. విసిరిన ప్రతి శిల అనుకున్న చోటికి ఎంత దూరంలో ఆగిందో గ్రహించి, తరువాతి విసురును దిద్దుకోవడంలో ఉన్నది. గణనశక్తి ఎంత ఉన్నా, యంత్రం సైతం విడిచి, చూచి, నేర్చుకొనవలసినదే.

ఈ క్రీడ ఇప్పుడు తెరలపైకి కూడా వచ్చింది. మంచు ఘర్షణ, శిలల తాకిడి, వేగం ఒకదానినుండి మరొకదానికి సంక్రమించడం మొదలైనవన్నీ భౌతికసూత్రాల ననుసరించి లెక్కించే వీడియో గేములు ఉన్నాయి. వాటిలో కొన్ని ప్రత్యేక కార్డుల నిచ్చే విధానాన్ని చేర్చుకుంటాయి. ఆడేవాని చేతిలో కొన్ని కార్డులుంటాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క శక్తి. ఒకటి శిలను బరువెక్కిస్తే మరొకటి మంచును గరుకు చేస్తుంది. ఇంకొకటి విడిచిన శిల దిశను నడుమనే మార్చివేస్తుంది. నిజమైన మంచుపై హాగ్ లైన్ వద్ద ముగిసిన అధికారం, తెరపై కార్డు రూపంలో తిరిగి చేతికి వస్తుంది. ఈ ఆకర్షణ సామాన్యమైనది కాదు. విడిచినదానిపై మళ్ళీ చేయి వేయాలన్నది మనిషి అతిప్రాచీనమైన కోరిక.

గోదావరీతీరంలో పెరిగి, కెనడా దేశపు పశ్చిమభాగంలో స్థిరపడిన ఒక గృహస్థుకు ఈ ఆట కుమార్తె వలన పరిచయమైంది. ఆయన వృత్తిచేత ఇంజనీరు. నిత్యం గీతాపారాయణ చేసేవాడు. ఆ సంవత్సరం కుమార్తె వైద్యవిద్యలో ప్రవేశం కోరింది. నాలుగేళ్ళ చదువు, ప్రవేశపరీక్ష, మౌఖికపరీక్ష, అన్నీ చలికాలం ముగిసేలోపున పూర్తయినాయి. ఫలితం వసంతంలో రావాలి. నడుమనున్న ఆ రెండు నెలలూ ఇంట్లో ఎవరికీ ఊపిరి సరిగా ఆడలేదు. సాయంవేళలలో కుమార్తె తెరపై కర్లింగ్ ఆడేది. ఒకనాడు తండ్రి చేతికి కూడా ఒక కంట్రోలర్ అందించింది.

ఆయన ఆట ఒకే రీతిగా సాగేది. శిల ఏమాత్రం ప్రక్కకు ఒరిగినా వెంటనే ఒక కార్డు వాడేవాడు. మూడవ ఎండ్ వచ్చేసరికి చేతిలో ఏమీ మిగిలేది కాదు.

“నాన్నగారూ, కార్డులన్నీ అప్పుడే వాడేశారు. చివరి రాయికి ఏం మిగిలింది?” అని ఆమె అడిగింది.

“రాయి పక్కకు పోతుంటే చూస్తూ ఊరుకోమంటావా తల్లీ?”

“చూస్తూ ఎందుకు ఊరుకోవాలి? ఊడ్వండి. ఆ మీట అందుకే ఉంది. మీరు దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు.”

ఆయన దృష్టికి ఊడ్వడం చిన్నపనిగా తోచింది. దానితో శిల ఎగిరిపడదు, వెనుకకు మరలదు. కొంచెం దూరం, కొంచెం వంపు, అంతే. కార్డు చూపే ప్రభావం కంటికి కనిపిస్తుంది. ఊడ్వడం వలన కలిగిన ప్రయోజనం శిల ఆగిన తరువాత గాని తెలియదు; ఒక్కొక్కసారి అప్పుడూ తెలియదు.

ఆ రోజులలోనే ఆయన పూజాపీఠం వద్దనున్న చిన్న నోటుపుస్తకం కుమార్తె కంటబడింది. అందులో మొక్కులు వరుసగా వ్రాసి ఉన్నాయి. ఫలితం అనుకూలమైతే తిరుమలలో తలనీలాలు, సత్యనారాయణ వ్రతం, ఒక ఆలయంలో నూటెనిమిది ప్రదక్షిణలు, ఇలవేల్పుకు పట్టుబట్టలు. ప్రక్క పుటలో ఫోను చేయవలసిన పరిచితుల పేర్లు. ఆమె పుస్తకాన్ని యథాస్థానంలో ఉంచి, రాత్రి భోజనవేళ మెల్లగా అన్నది: “నాన్నగారూ, నా కోసం ఎన్ని కార్డులు పెట్టుకున్నారు?”

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఆ ప్రశ్న ఆయనను చాలాదినాలు విడువలేదు. భక్తుడైన ప్రతివానినీ అది ఏదో ఒకనాడు అడుగుతుంది. మొక్కు చెల్లిస్తే ఫలితం మారునట్లయితే, నాలుగేళ్ళు ఆమె చదివిన చదువుకు విలువ ఏది? అదే ఆసనాన్ని కోరుతున్న మరొక బిడ్డకు కూడా మొక్కుకొనే తండ్రి ఒకడు ఉంటాడు గదా! ఇద్దరి మొక్కులలో దేనిని భగవంతుడు ఆలకించాలి? ఆలకించకపోతే ఆయన దయలో లోపమున్నదా, ప్రదక్షిణల సంఖ్యలో లోపమున్నదా? కార్డుగా భావించిన ప్రార్థన చివరకు ఈ లెక్కలలో చిక్కుకుంటుంది.

పురాణేతిహాసాలలో ఇట్టి ప్రత్యేకశక్తులకు కొదవ లేదు. హిరణ్యకశిపుడు పొందిన వరం, భస్మాసురుడు పొందిన వరం అట్టివే. వాటిలో మిక్కిలి హృదయవిదారకమైనది కర్ణునికి లభించిన వాసవీశక్తి. సహజకవచకుండలాలను కోసి ఇచ్చి, ఇంద్రునినుండి అతడు ఆ ఆయుధాన్ని గ్రహించాడు. అది అమోఘం, కాని ఒక్కసారి మాత్రమే ప్రయోగించదగినది. దానిని అర్జునుని కోసమే దాచుకున్నాడు. ద్రోణపర్వంలోని ఆ రాత్రియుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను చీల్చి చెండాడుతుంటే, తనవారి ఆర్తనాదాల నడుమ కర్ణుడు దానిని విడువక తప్పలేదు. ఘటోత్కచుడు కూలినాడు, పాండవులు దుఃఖిస్తుండగా శ్రీకృష్ణుడు సంతోషించినాడు. దాచిన శక్తి ఉన్నంతవరకు అది కర్ణునికి ధైర్యమిచ్చింది. అయితే దానిని ఎప్పుడు వాడాలన్న నిర్ణయం కర్ణుని చేతిలో మిగలలేదు. సందర్భం అతని చేత వాడించింది.

నిజమైన కర్లింగ్‌లో కూడా ఇట్టిది ఒకటి లేకపోలేదు. ఒక పురుషుడు, ఒక స్త్రీ జంటగా ఆడే మిశ్రమద్వంద్వ విభాగం 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. అందులో ఎండ్ ఆరంభానికి ముందే మంచుపై ఉంచే రెండు శిలలను ప్రక్కకు జరిపి ఆడే ‘పవర్ ప్లే’ అనే అవకాశాన్ని ప్రతి జట్టూ ఆట మొత్తంలో ఒక్కసారి ఉపయోగించుకొనవచ్చు. కాని అది కేవలం ఆరంభస్థితిని మార్చుతుంది. విడిచిన శిలను తాకదు. విడువకముందు ఎంత యోచించినా ధర్మమే. విడిచిన తరువాత శిలకు చేయి తగలరాదన్న నియమాన్ని మాత్రం ఆ అవకాశం కూడా అతిక్రమించదు.

అయితే మొక్కుకొనడం తప్పా? శాస్త్రం అట్లు చెప్పలేదు. గీతలో భగవానుడు తనను భజించేవారిని నాలుగు విధాలుగా పేర్కొన్నాడు: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. జ్ఞానిని తన ఆత్మగా భావిస్తూనే, నలుగురినీ ఉదారులన్నాడు. బిడ్డ కోసం కన్నీటితో చేతులు జోడించిన తండ్రిని ఏ వేదాంతమూ పరిహసించదు. పరిశీలించవలసినది ప్రార్థన లోపలి భావం. ‘ఈ శిల నేను కోరిన చోటనే ఆగాలి’ అనే ప్రార్థన కార్డు. ‘ఈ శిల సాగే దారిలో నా వలన కలిగే గరుకుతనం తొలగాలి, నా చేతనైన సేవ నేను చేయాలి’ అనే ప్రార్థన కుంచె. మొదటిది ఫలాన్ని పట్టుకొంటుంది. రెండవది మార్గాన్ని శుభ్రపరుస్తుంది.

సమ్మార్జనం, అనగా ఊడ్వడం, దేవాలయసేవలలో ఒకటి. పూరీ జగన్నాథ రథయాత్రలో రథాలు కదలడానికి పూర్వం గజపతిరాజు స్వయంగా బంగారుపిడి చీపురుతో రథాల నేలను ఊడుస్తాడు. రాజ్యాధికారానికి చిహ్నమైనవాడు ఆ దినం చీపురు పట్టుకొని వంగుతాడు. రథంలోని స్వామి ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో ఆయన ఆజ్ఞాపించడు. కదలే ముందు స్థలాన్ని పరిశుభ్రం చేయడమే ఆయన వంతు. ఎంతటి ప్రభువైనా ఫలం ఎదుట సేవకుడేనన్న భావం అందులో ఉన్నది.

ఆ గృహస్థు నోటుపుస్తకాన్ని పారవేయలేదు. మొక్కులూ కొట్టివేయలేదు. పరిచితుల పేర్లున్న పుటను మాత్రం చించివేశాడు. తరువాతి దినాలలో ఇంట్లో ఫలితం ప్రసక్తి తగ్గింది. భోజనవేళ కుమార్తె పనిచేసే ప్రయోగశాల విషయాలు అడగసాగాడు. ఆమె రాత్రి ఆలస్యంగా వస్తే నిద్రపోకుండా అన్నం వేడిచేసి ఉంచేవాడు. తెరపై ఆటలోనూ ఊడ్చే మీటను నొక్కడం అలవాటయింది. ఓడిపోవడం మాత్రం తగ్గలేదు.

వసంతంలో ఫలితం వచ్చింది. ఆ సంవత్సరానికి ఆమెకు ప్రవేశం లభించలేదు.

ఆ రాత్రి ఆయన మనస్సు మళ్ళీ పాతదారిలోనే నడిచింది. ఏ పూజలో లోపం జరిగింది? చించిన పుటలోని ఎవరికైనా ఒక్కమాట చెప్పి ఉంటే? కర్తృత్వాభిమానం ఒక్కనాటితో నశించేది కాదు. ‘నేను ఇంకేదో చేసి ఉండవలసినది’ అనే పశ్చాత్తాపం వినయంవలె కనిపిస్తుంది. నిదానించి చూస్తే, ఫలితమంతా తన ఒక్కని చేతిలోనే ఉండెనన్న అహంకారం దాని వెనుక దాగి ఉంటుంది. ఐదు హేతువులుండగా తనను ఒక్కనినే కర్తగా చూచుకొనేవాడు యథార్థాన్ని చూడనివాడని గీత అదే అధ్యాయంలో హెచ్చరిస్తుంది. విజయంలో ‘నేనే చేశాను’ అనేవానికి ఆ హెచ్చరిక ఎంత వర్తిస్తుందో, పరాజయంలో ‘నేనే చెడగొట్టాను’ అనేవానికీ అంతే వర్తిస్తుంది. ఆ అధ్యాయాన్ని ఆయన వందలసార్లు పారాయణ చేశాడు. ఆ రాత్రి అది ఆయనను ఉద్దేశించి పలికినట్లుగా వినిపించింది.

ఆ ప్రాంతంలో వసంతంలో కూడా మంచు కురుస్తుంది. మరునాడు తెల్లవారకముందే ఆయన బయటకు వెళ్ళి, కుమార్తె కారుపై పేరుకున్న మంచును ఊడ్చి, అద్దాలు తుడిచి, వాకిట దారి చేసి లోపలికి వచ్చాడు. ఆమె కాఫీ త్రాగి పనికి వెళ్ళింది. నిన్నటి సంగతి ఇద్దరూ మాట్లాడుకొనలేదు. వారం గడిచిన తరువాత ఆమె తనంతట తానే చెప్పింది: “వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను నాన్నగారూ.” ఆయన “అలాగే తల్లీ” అన్నాడు. ఏ ఊరిలో, ఏ కళాశాలలో అని అడగలేదు.

సాధకునికి ఇందులోనుండి ఆచరణయోగ్యమైన ఒక విచారణాక్రమం లభిస్తుంది. రాత్రి శయనించే ముందు మనస్సును పీడించే చింతలను మూడు రాశులుగా విభజించుకొనవచ్చు. ఇంకా చేతిలో ఉన్న శిలలు మొదటి రాశి. చదవవలసిన పాఠం, చెప్పవలసిన సత్యం, తీర్చవలసిన ఋణం ఇట్టివి. వీటి విషయంలో దైవాన్ని తలచి ఊరకుండడం వైరాగ్యం కాదు, ప్రమాదం. గురి చూచి, కాలు నిలదొక్కుకొని, శక్తికొలది విసరాలి. విడిచి, ఇంకా సాగుతున్న శిలలు రెండవ రాశి. వ్రాసిన పరీక్ష, పెరిగి పెద్దదైన బిడ్డ, చికిత్సలో ఉన్న ఆప్తుని దేహం ఇట్టివి. ఇక్కడ స్పర్శకు అధికారం లేదు. సేవకు మాత్రం అవధి లేదు. ఈ రాశిలోనే సంసారులు ఎక్కువగా తడబడతారు. కొందరు మళ్ళీ పిడి పట్టుకొనబోతారు. మరికొందరు, పట్టుకొనరాదని తెలిసినంతనే, కుంచెను సైతం పారవేసి దానికి శరణాగతి అని పేరు పెడతారు.

ఆగిపోయిన శిలలు మూడవ రాశి. వీటిని ఊడ్చి ప్రయోజనం లేదు. కాని కర్లింగ్ నేర్చినవారికి తెలిసిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పదగినది. ఇల్లు చేరకుండా ముందే ఆగిపోయిన శిల వ్యర్థమైనదని చూచేవారు అనుకొంటారు. ఆడేవారు దానిని ‘గార్డ్’ అంటారు, అనగా కాపలా. తరువాత వచ్చే శిల దాని చాటుగా వంగి ఇంట్లో ప్రవేశిస్తే, ప్రత్యర్థి దానిని సులభంగా కొట్టలేడు. అందుకే ఎండ్ ఆరంభంలోని మొదటి ఐదు శిలలు పడేవరకు, ఆ విధంగా ఇంటిముందు ఆగిన ప్రత్యర్థి శిలను ఆటనుండి తొలగించరాదని నియమం కూడా ఏర్పరచారు. చాలామంది అనుభవజ్ఞులు మొదటి శిలను బుద్ధిపూర్వకంగానే ఇంటికి చేరకుండా విసురుతారు.

చేరనిది ఎందుకు చేరలేదో ఆ క్షణంలో తెలియకపోవచ్చు. దాని వెనుక ఏ శిల వచ్చి నిలుస్తుందో ఇంకా ఎవరూ చూడలేదు. విసరవలసిన శిలలు మిగిలి ఉన్నంతవరకు ఎండ్ ముగియలేదు. మంచు ఊడ్చేవారికి పనీ ముగియలేదు.

ఇతి శమ్.